మీ సంచిలో ఏముంది? వింత వార్తలు, పుస్తకాలు, చేతిపనులు

చింతచిగురు
శనివారం, ఉదయం 7.10

అందరికీ నమస్కారం. ఈ నెల సంచి విప్పే వంతు నాది. ఎక్కడో చదివిన వింత, చేతికి దొరికిన పుస్తకం, చేస్తున్న పని... మూడూ లేకపోయినా ఒకటైనా పట్టుకుని రండి.

ముందు వింత. పోర్చుగల్‌లో కోయింబ్రా విశ్వవిద్యాలయానికి జోవానినా అనే పాత గ్రంథాలయం ఉంది. 1717లో మొదలుపెట్టి 1728కి కట్టడం పూర్తిచేశారు. అందులో గబ్బిలాలు కాపురం ఉంటాయి. వాటిని ఎవరూ తరమరు. పగలంతా నిద్రపోయి, రాత్రి తలుపులు మూశాక బయటికి వచ్చి, పుస్తకాలను తొలిచే పురుగులను పట్టి తింటాయి. రెట్టలు పడి బల్లలు పాడవకుండా సిబ్బంది సాయంత్రమే వాటి మీద తోలు కప్పి వెళ్తారు. పొద్దున వచ్చి శుభ్రం చేస్తారు. ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఆవిడ భారతం పుటల మధ్య వేపాకు పెట్టేది. ఏడాదికి ఒకసారి పాతది దులిపి కొత్తది పెట్టేది. ఎండిన వేపాకు గీత ఇప్పటికీ ఆ పుటల మీద ఉంది.

ఇక పుస్తకం. పోయిన ఆదివారం హైదరాబాద్ వెళ్లినప్పుడు ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద 1968 చందమామలు పన్నెండూ కలిపి కుట్టించిన బైండు దొరికింది. గట్టి అట్ట, వీపున ఎర్ర గుడ్డ. లోపల మొదటి పుటలో సిరాతో ఒక పిల్లవాడి పేరు, ఆరవ తరగతి బి సెక్షను, ఊరి పేరు ఉన్నాయి. కింద 'అడిగి తీసుకోండి, చదివి ఇవ్వండి' అని రాసి ఉంది. అసలు సంగతి అది కాదు. ప్రతి కథ చివర పెన్సిలుతో మార్కులు వేశాడు. '10కి 6. రాజు ఊరికే ఏడ్చాడు.' '10కి 9. దయ్యం బాగుంది.' '10కి 5. ముందే తెలిసిపోయింది.' పన్నెండు సంచికల్లో ఒక్క కథనూ వదల్లేదు. ఒక చోట 10కి 4 వేసి, దాన్ని కొట్టేసి, 10కి 8 చేశాడు. పక్కన చిన్న అక్షరాలతో 'మళ్లీ చదివాను' అని ఉంది.

ఆ రెండు మాటల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఇప్పుడు ఆ పిల్లవాడికి డెబ్బై ఏళ్లకు దగ్గరగా ఉంటాయి. వెతికి పట్టుకుని పుస్తకం తిరిగి ఇవ్వాలా? మీరేమంటారు?


వానచినుకు
శనివారం, ఉదయం 8.25

చిగురు గారూ, ఆ 'మళ్లీ చదివాను' పుట ఫొటో పెట్టండి, దయచేసి.

నా వింత నేనుండే ఊరిదే. మెల్‌బోర్న్ నగరపాలక సంస్థ తన పరిధిలో ఉన్న దాదాపు 70 వేల చెట్లకు ఒక్కొక్కదానికి ఒక సంఖ్య, ఒక ఈమెయిల్ చిరునామా ఇచ్చింది. కొమ్మ విరిగినా, చీడ పట్టినా జనం వెంటనే తెలియజేస్తారని వాళ్ల ఉద్దేశం. 2013 నుంచి జనం నిజంగానే రాయడం మొదలుపెట్టారు. అయితే కొమ్మల గురించి కాదు. చెట్టుకే ఉత్తరాలు. 'రోజూ నీ కింద నుంచి కాలేజీకి వెళ్తున్నాను, ఇవాళ నువ్వు చాలా అందంగా ఉన్నావు' అనే ధోరణిలో వేల ఉత్తరాలు. కొన్నింటికి చెట్టు తరఫున జవాబులు కూడా వెళ్లాయి.

నేను ఇక్కడికి వచ్చిన కొత్తలో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కరు కూడా లేని వీధిలో ఉండేదాన్ని. పనికి వెళ్లే దారిలో ఒక దేవదారు ఉండేది. అప్పట్లో నాకు ఈ సంగతి తెలిసి ఉంటే దానికి తెలుగులో రాసేదాన్ని.

చేస్తున్న పని: మా అమ్మ ఫోనులో చెప్పే పొడుపుకథలను ఒక్కొక్కటీ కార్డు మీద రాసి, వెనక బొమ్మ వేస్తున్నాను. ముప్పై రెండు పూర్తయ్యాయి.


గోదారిగట్టు
శనివారం, ఉదయం 10.02

చింతచిగురుకు ఆశీస్సులు. వానచినుకు తల్లీ, కార్డులు ఆపవద్దు. వంద దాటాక ఆగాలని అనిపించదు.

నేను ఓపిక గురించిన వింత తెచ్చాను. ఆస్ట్రేలియాలోనే, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో 1927లో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు ఒక గాజు గరాటులో కీలు పోశాడు. పడవలకు పూసే నల్లటి కీలే. సుత్తితో కొడితే గాజులా పగులుతుంది. అయినా అది ద్రవమేనని విద్యార్థులకు చూపించాలని ఆయన పట్టుదల. మూడేళ్లు కుదురుకోనిచ్చి 1930లో గరాటు కాడ కోశాడు. అప్పటి నుంచి ఇప్పటిదాకా తొమ్మిది చుక్కలు పడ్డాయి. తొమ్మిదే.

ఆయన తర్వాత జాన్ మెయిన్‌స్టోన్ అనే మరో ఆచార్యుడు దాని బాధ్యత తీసుకుని యాభై ఏళ్లకు పైగా కాపలా కాశాడు. 1979లో చుక్క వారాంతపు సెలవులో పడింది. 1988లో ఆయన కాసేపు గది బయటికి వెళ్లి వచ్చేలోగా పడింది. 2000లో కెమెరా పెట్టారు, సరిగ్గా ఆ సమయానికి కెమెరా పనిచేయలేదు. 2013 ఆగస్టులో ఆయన కన్నుమూశారు. తొమ్మిదో చుక్క 2014 ఏప్రిల్‌లో పడింది. యాభై ఏళ్లు ఎదురుచూసిన మనిషి ఒక్క చుక్క కూడా పడుతుండగా చూడలేదు.

నేను తపాలా శాఖలో 36 ఏళ్లు పనిచేశాను. ఎదురుచూసే ముఖాలు చాలా చూశాను. అందుకే ఈయన కథ నన్ను వదలడం లేదు.


కాగితంపడవ
శనివారం, ఉదయం 11.40

మాస్టారూ, దీనికి ఒక తోక ఉంది. డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలోనూ ఇలాంటి గరాటు ఒకటి 1944 నుంచి ఉంది. 2013 జులైలో అక్కడ చుక్క పడుతుండగా మొదటిసారి కెమెరాకు చిక్కింది. అంటే మెయిన్‌స్టోన్ చనిపోవడానికి కొన్ని వారాల ముందు.


గోదారిగట్టు
శనివారం, మధ్యాహ్నం 12.15

ఇది నాకు తెలియదు నాయనా. మనసు తేలికపడింది.


తాళపత్రం
శనివారం, రాత్రి 9.30

నేను ఎప్పుడూ తెచ్చేదే తెచ్చాను. వికీసోర్స్ అనే ఉచిత అంతర్జాల గ్రంథాలయంలో పాత తెలుగు పుస్తకాలను పుటపుటా సరిచూసే పని. రచయిత చనిపోయాక 60 ఏళ్లు గడిస్తే మన దేశంలో ఆ రచన మీద హక్కులు తీరిపోతాయి. తర్వాత ఎవరైనా దాన్ని ప్రచురించుకోవచ్చు. అలాంటి పుస్తకాల పుటలకు తీసిన బొమ్మలు బోలెడు అందుబాటులో ఉన్నాయి గాని, బొమ్మలో మాట వెతకలేం, గుడ్డివారికి చదివి వినిపించే యంత్రానికి అది అందదు. అక్షరాలుగా మార్చాలి.

యంత్రం మారుస్తుంది, కాని పాత అచ్చు దాన్ని తికమక పెడుతుంది. 'మ'ను 'వు'గా చదువుతుంది. సున్నను అంకెల్లో ఉండే సున్నా అనుకుంటుంది. 'ఋ' కనబడితే 'బు' అంటుంది. అరసున్నను మచ్చ అనుకుని వదిలేస్తుంది. ఆ అరసున్న లేకపోతే ఛందస్సు చెడదు, అర్థమూ చాలాసార్లు చెడదు. కాని అచ్చులో దాన్ని ఏరి కూర్చిన మనిషి చెయ్యి ఒకటి ఉంది కదా. అందుకే పెడతాను. పుటకు ఇరవై నిమిషాలు పడుతుంది. రోజుకు రెండు పుటలు. ఈ నెల 58 పుటలు అయ్యాయి.

చిగురు గారు అడిగినదానికి: బైండు తిరిగి ఇవ్వడమే ధర్మం అనిపిస్తోంది. ఊరి పేరు, తరగతి ఉన్నాయి కాబట్టి ఇక్కడ పెడితే ఎవరో ఒకరు గుర్తుపట్టవచ్చు.


నూలుపోగు
ఆదివారం, ఉదయం 6.50

తాళపత్రం అన్నయ్యా, మీ మాటకు అడ్డం వస్తున్నాను, ఏమీ అనుకోవద్దు. పేరు ఇక్కడ పెట్టవద్దు. ఆయన ఒప్పుకోకుండా ఆయన పేరు నలుగురిలో ఎలా పెడతాం? పన్నెండేళ్ల పిల్లవాడు తన పుస్తకంలో తనకోసం రాసుకున్న మాటలవి. ఆయన ఇప్పుడు ఎక్కడున్నారో, ఆ పుస్తకం ఎలా చేయి జారిందో మనకు తెలియదు. అమ్ముకోవాల్సిన రోజు వచ్చి అమ్ముకుని ఉంటే? మార్కులున్న పుటలు చూపించండి, పేరున్న పుట వద్దు.


చింతచిగురు
ఆదివారం, ఉదయం 7.30

నూలుపోగు చెప్పింది సబబు. పేరు పెట్టను. మా తెనాలిలో ఆ ఊరివాళ్లు ఒకరిద్దరు ఉన్నారు, నోటిమాటగా అడిగి చూస్తాను. దొరికితే దొరుకుతారు.


తాళపత్రం
ఆదివారం, ఉదయం 8.05

ఒప్పుకుంటున్నాను. నేను ఇంత దూరం ఆలోచించలేదు.


వానచినుకు
ఆదివారం, ఉదయం 9.15

పుస్తకాల వింత ఇంకొకటి. నార్వే రాజధాని ఓస్లో దగ్గరి అడవిలో 2014లో వెయ్యి మొక్కలు నాటారు. కేటీ ప్యాటర్సన్ అనే కళాకారిణి ఆలోచన అది. ఏడాదికి ఒక రచయిత చొప్పున వందేళ్లపాటు ఒక్కొక్క రాతప్రతి ఇస్తారు. మొదటిది మార్గరెట్ ఆట్‌వుడ్ ఇచ్చారు. ఆ ప్రతులను ఎవరూ చదవరు. నగర గ్రంథాలయంలో ఒక చిన్న గదిలో భద్రపరుస్తారు. ఆ గది గోడలకు వాడిన కలప కూడా ఆ అడవిదే. మొక్కలకు చోటు చేయడానికి కొట్టిన చెట్లది. 2114లో ఈ చెట్లతో కాగితం చేసి ఆ నూరు పుస్తకాలూ అచ్చు వేస్తారు.

నాకు ఇది తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇంకా పుట్టని మనిషి కోసం రాయడం.


నూలుపోగు
ఆదివారం, ఉదయం 11.20

వానచినుకు, నాకు ఇది నచ్చలేదు. ఎందుకో చెప్తాను.

మాది సిరిసిల్ల. మా ఊళ్లో నల్ల పరంధాములు గారు, ఆయన తర్వాత ఆయన కుమారుడు విజయ్ అగ్గిపెట్టెలో పట్టే చీరలు నేశారు. లోకమంతా చూసింది. ఆ పనితనానికి దండం పెడతాను. అది అద్దాల పెట్టెలో ఉండాల్సిన వస్తువే. అగ్గిపెట్టెలో పట్టే చీరను చూసి మురిసిపోతాం, రోజూ కట్టుకోం. కాని పుస్తకం చదవడానికే రాస్తారు. మా నాన్న మగ్గం మీద నుంచి దించిన బట్టను మడత పెట్టే ముందు ఒకసారి చెంపకు ఆనించి చూసేవాడు. కట్టుకునే మనిషి ఒంటికి ఎలా ఉంటుందోనని. రాసినవాళ్లు బతికుండగా చదివిన మనిషి ముఖం చూడకపోతే ఆ రాతకు చెంప ఎక్కడిది?

వందేళ్లు తాళం వేయడం కంటే ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద దుమ్ములో పడి ఉన్నా ఆ చందమామ బైండే అదృష్టవంతురాలు. ఎవరో ఒకరు తెరిచారు.


తాళపత్రం
ఆదివారం, మధ్యాహ్నం 3.00

నేను సగం మీతో, సగం వానచినుకుతో ఉన్నాను.

నేను సరిచూసే పుస్తకాల రచయితల్లో ఒక్కరూ నన్ను ఎరగరు. వాళ్లు పోయాక ఎన్నో ఏళ్లకు పుట్టాను. అయినా రోజూ రాత్రి వాళ్లతో గంటసేపు కూర్చుంటున్నాను. ముఖం చూడకపోయినా చెంప ఉంది నూలుపోగు గారూ, కాస్త దూరంగా.

అయితే తాళం విషయంలో మీరే గెలుస్తారు. తాటాకు పుస్తకం ఎంత జాగ్రత్త చేసినా కొన్ని తరాలకు ఆకు పెళుసు బారుతుంది, పురుగు కొడుతుంది. అది నిలవాలంటే ఎవరో ఒకరు అరువు తీసుకుని, కూర్చుని, కొత్త ఆకు మీద ఎక్కించాలి. పెట్టెలో భద్రంగా పెట్టినవి పెట్టెలోనే పొడి అయ్యాయి. చేతులు మారినవి మిగిలాయి. సి.పి. బ్రౌన్ కడపలో తన బంగళాలో పండితులను పెట్టి చేయించిన పని ఇదే. ఊరూరి నుంచి ప్రతులు తెప్పించి, పోల్చి చూసి, శుద్ధప్రతి రాయించాడు.

పాత లేఖకులు ప్రతి చివర రాసే శ్లోకం ఒకటి ఉంది: 'తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్రక్షేచ్ఛిథిలబంధనాత్, మూర్ఖహస్తే న దాతవ్యమేవం వదతి పుస్తకమ్'. నన్ను నూనె నుంచి కాపాడు, నీటి నుంచి కాపాడు, కట్టు వదులు కాకుండా కాపాడు, మూర్ఖుడి చేతిలో మాత్రం పెట్టవద్దు అని పుస్తకం చెబుతోందట. చూడండి, ఎవరికీ ఇవ్వవద్దని అనలేదు. ఎవరికి ఇవ్వకూడదో మాత్రమే చెప్పింది. ఇవ్వడం ఎలాగూ తప్పదని దానికి తెలుసు.


గోదారిగట్టు
ఆదివారం, సాయంత్రం 5.45

తాళపత్రం, ఆ శ్లోకం మా నాన్నగారి రామాయణం చివర ఉండేది. చాలా ఏళ్లకు మళ్లీ విన్నాను.

పుస్తకం కదలడం అంటే మన వాళ్లు ఏం చేశారో ఈ తరానికి తెలియాలి. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టాక అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు ఊరూరా తిరిగారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం వెలిసింది. ఇవన్నీ కట్టడాలు. 1935లో పాతూరి నాగభూషణం గారు ఇంకో దారి తొక్కారు. గుంటూరు జిల్లా పెదవడ్లపూడి నుంచి కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. ఆ రోజుల్లో కాలువ ఊళ్లకు పడవే బస్సు. గంటల తరబడి నీటి మీద కూర్చునే ప్రయాణం. ఆ సమయంలో చేతికి పుస్తకం ఇచ్చారు. మనిషి గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే మనిషి ఎక్కిన పడవలోకి వచ్చింది.

నా చిన్నతనంలో మా వైపు గోదావరి కాలువల్లోనూ పడవలు తిరిగేవి. తెరచాప దించి తాడు కట్టి గట్టు మీద నుంచి లాగేవారు. పడవ అంత మెల్లగా పోతుంటే గట్టు మీది తుమ్మచెట్లు లెక్కపెట్టేవాణ్ణి. అప్పుడు నా చేతిలో ఒక పుస్తకం ఉండి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను.


కాగితంపడవ
ఆదివారం, సాయంత్రం 6.20

మాస్టారూ! మాది పెదవడ్లపూడికి అరగంట దూరం. ఆ కాలువ గట్టు మీదే రోజూ కాలేజీకి వెళ్తాను. ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదు.


చింతచిగురు
ఆదివారం, సాయంత్రం 7.00

ఇలాంటివి లోకంలో ఇంకా ఉన్నాయి. కొలంబియాలో లూయిస్ సోరియానో అనే ఉపాధ్యాయుడు రెండు గాడిదల మీద పుస్తకాలు వేసుకుని కొండ పల్లెలకు వెళ్తాడు. గాడిదల పేర్లు ఆల్ఫా, బెతో. రెండూ కలిపితే స్పానిష్ భాషలో అక్షరమాల. టర్కీ రాజధాని అంకారాలో చెత్త ఎత్తే కార్మికులు చెత్తలో దొరికిన పుస్తకాలన్నీ పోగుచేసి గ్రంథాలయమే తెరిచారు.

ఇవన్నీ చదివి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మనమే ఒక పెట్టె నడుపుదాం. ఆరుగురం ఉన్నాం. ఒక్కొక్కరం ఒక పుస్తకం పెడదాం. పెట్టె ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది. వచ్చినవాళ్లు నెల రోజులు ఉంచుకుని, ఊళ్లో పిల్లలకు, ఇరుగుపొరుగుకు చదవడానికి ఇచ్చి, తర్వాతి వాళ్లకు పంపాలి. పెట్టెతోపాటు ఒక నోటుబుక్కు. చదివిన ప్రతివాళ్లూ మార్కులు వేయాలి, పదికి. పక్కన ఒక్క వాక్యం, ఎందుకో.


పొణికి
ఆదివారం, రాత్రి 10.10

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను, ఇవాళ రాయకుండా ఉండలేకపోయాను. పెట్టెలో ఒక పడవ బొమ్మ పెడదామా? నేను చేస్తాను.

రెండేళ్లుగా కొండపల్లిలో బొమ్మల పని నేర్చుకుంటున్నాను. మా పేటలో ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కే మనిషి, దశావతారాలు చేస్తారు. పడవ చేసినవాళ్లను చూశాను గాని, పుస్తకాల పడవ ఎవరూ చేయలేదు. మధ్యలో చిన్న గూడు, గూట్లో అరలు, అరల్లో అగ్గిపుల్ల మందాన పుస్తకాలు. గట్టు మీద తాడు పట్టుకుని లాగే ఇద్దరు మనుషులు. తాడు నిజమైన నూలుతాడే పెట్టాలి.


నూలుపోగు
ఆదివారం, రాత్రి 10.25

తాడుకు నూలు నేను పంపుతాను. మా నాన్న మగ్గం ఆపేశాక మిగిలిన కండె ఒకటి దాచుకున్నాను.


గోదారిగట్టు
సోమవారం, ఉదయం 6.30

తపాలా సంగతి నేను చూసుకుంటాను. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తివేశారు. చాలామంది పుస్తక ప్రియులకు అది పెద్ద దెబ్బ. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోల దాకా 100 రూపాయలు, పైన పన్ను. అచ్చు పుస్తకాలే అందులో వెళ్తాయి. చేతిరాత నోటుబుక్కు, పడవ బొమ్మ వెళ్లవు. వాటిని విడిగా పార్శిలుగా కట్టాలి. అంటే మన పెట్టె రెండు ముక్కలుగా ప్రయాణం చేస్తుంది.

కట్టడం గురించి ఒక మాట. పుస్తకాల మూలలు ముందు నలుగుతాయి. ప్రతి మూలకూ మడిచిన అట్ట తొడగండి. ముందు ప్లాస్టిక్ సంచి, దాని మీద కాగితం, ఆపైన గోనె గుడ్డ. చిరునామా రెండు చోట్ల రాయండి, ఒకటి లోపల పుస్తకం మీద కూడా. పై కాగితం చినిగినా లోపలిది దారి చెబుతుంది. 36 ఏళ్లలో చిరునామా చినిగి దిక్కులేనివైన కట్టలు ఎన్ని చూశానో.

వానచినుకు తల్లీ, నీ వంతు వచ్చినప్పుడు పెట్టె సముద్రం దాటించడం ఖర్చు ఎక్కువ. నీ పొడుపుకథల కార్డులు ఇటు పంపు, అవి పెట్టెలో తిరుగుతాయి.


వానచినుకు
సోమవారం, ఉదయం 8.00

తప్పకుండా పంపుతాను మాస్టారూ. మెల్‌బోర్న్ నుంచి నా వాటా అవే.


పొణికి
మూడు వారాల తర్వాత, శనివారం

పడవ ఎంతవరకు వచ్చిందో చెప్పాలి.

పొణికి కర్ర చాలా తేలిక. పచ్చిగా ఉంటే పని చెడుతుంది. సన్నని సెగకు ఆరబెట్టి తేమ పూర్తిగా తీశాకే ఉలి పెట్టాలి. పడవ అడుగు ఒకే ముక్కలో చెక్కాను. గూడు, మనుషులు, చేతులు, తెడ్లు విడివిడిగా చెక్కి అతికించాను. అతికించడానికి మక్కు. చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద. వేళ్లతో అతుకు మీద రుద్దుతూ ఉంటే అతుకు ఎక్కడుందో కనబడకుండా పోతుంది. మా గురువు గారు అతుకును కళ్లతో చూడరు, బొటనవేలితో తడిమి చూస్తారు. నాది తడిమి, ఎడమ వైపు మనిషి భుజం దగ్గర ఆగారు. ఏమీ అనలేదు. ఊడదీసి మళ్లీ చేశాను.

సున్నం పూత ఆరింది. రంగులు వేయాలి. పుస్తకాలు నలభై ఆరు చెక్కాను, ఒక్కొక్కటీ బియ్యపు గింజంత వెడల్పు. వీపులకు ఎర్ర రంగు వేస్తున్నాను, చిగురు గారి చందమామ బైండులాగా.

ఒక సందేహం. పడవ పేరు రాయాలా?


తాళపత్రం
అదే రోజు, రాత్రి

పేరు వద్దు. 'అడిగి తీసుకోండి, చదివి ఇవ్వండి' అని రాయండి.


కాగితంపడవ
ఆదివారం, ఉదయం

నేను మా ఊరి కాలువ గట్టు మీద పెద్దవాళ్లను అడుగుతున్నాను. పడవలు తిరిగిన రోజులు గుర్తున్నవాళ్లు ఇద్దరు దొరికారు. ఒకాయన పడవ ఎక్కడ ఆగేదో చేయి చాపి చూపించాడు. ఇప్పుడు అక్కడ గుర్రపుడెక్క పరుచుకుని ఉంది. ఆయన చెప్పినవి నోటుబుక్కు మొదటి పుటల్లో రాస్తున్నాను. పెట్టె నా దగ్గర నుంచే బయలుదేరాలి.


చింతచిగురు
రెండు నెలల తర్వాత, బుధవారం

ముందుగా బైండు సంగతి. ఆ ఊరివాళ్ల ద్వారా కబురు వెళ్లింది. ఆయన దొరికారు. ఫోనులో మాట్లాడాను. మార్కుల గురించి చెప్పగానే చాలాసేపు పలకలేదు. తర్వాత, పుస్తకం తనకు వద్దని, చదివే పిల్లలకు ఇవ్వమని అన్నారు. అందుకే అది కూడా పెట్టెలోకి వెళ్లింది. పేరున్న పుట మీద ఆయన అనుమతితో తెల్ల కాగితం అతికించాను, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయడానికి వీలుగా.


నూలుపోగు
అదే నెల, శనివారం, ఉదయం 7.15

పెట్టె రెండు ముక్కలూ సిరిసిల్ల చేరాయి. పుస్తకాలు గురువారం, పడవ శుక్రవారం. మూలలు నలగలేదు మాస్టారూ.

పడవను మా ఇంటి అరుగు మీద పెట్టాను. తాడు పట్టుకున్న మనుషులు ఇద్దరూ కాస్త ముందుకు వంగి ఉన్నారు. నీటి బరువు తెలుస్తోంది. మా నాన్న తాడును వేళ్ల మధ్య నలిపి చూసి 'మన కండెదే' అన్నాడు.

నిన్న సాయంత్రం పక్కింటి పాప చందమామ బైండు తీసుకుంది. అయిదో తరగతి. ఆ అన్నయ్య 4 కొట్టేసి 8 వేసిన కథనే ముందు చదివింది. నోటుబుక్కులో ఇలా రాసింది: '10కి 7. ఇంకోసారి చదివాక చెప్తాను.'

పుస్తకం ఇంటికి తీసుకెళ్లింది. సోమవారం తెస్తానంది.